రూకీ కార్డు ధర ఎక్కడ పుడుతుంది?

2022 ఆగస్టులో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్ కార్డు ఒకటి 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. టాప్స్ అనే కంపెనీ 1952లో వేసిన సెట్‌లో, అంటే ఆ ఏటి కార్డుల వరుసలో, 311వ నంబరు కార్డు అది. వార్త చూసిన చాలామంది అది మాంటిల్ రూకీ కార్డే, అంటే ఆయన మొదటి ఏడాది కార్డే, అనుకున్నారు. కాదు. ఆయన రూకీ కార్డు అంతకు ముందు ఏడాది, 1951లో, బౌమన్ కంపెనీ వేసిన 253వ నంబరు. అదీ ఖరీదైనదే, కానీ అదే స్థితిలో ఉన్న 1952 టాప్స్ కార్డుతో పోలిస్తే దాని ధర వెలవెలబోతుంది. 'మొదటి కార్డుకే ఎక్కువ విలువ' అనే సూత్రాన్ని ఈ రంగంలో అందరికీ తెలిసిన కార్డే కాదంటోంది.

కారణం వెతికితే కార్డుల బజారు నడిచే తీరు సగం అర్థమవుతుంది. 1951 బౌమన్ చిన్న కార్డు, వెడల్పు రెండంగుళాలకు కాస్త ఎక్కువ, ఎత్తు మూడంగుళాలకు కాస్త ఎక్కువ. ఆ మరుసటేడు టాప్స్ 407 కార్డుల భారీ సెట్ వేసింది. కార్డు పెద్దది చేసింది, ముందు వైపు జట్టు గుర్తు, ఆటగాడి సంతకం నకలు, వెనక గణాంకాలు పెట్టింది. తర్వాత దశాబ్దాల పాటు వచ్చిన కార్డులన్నీ ఆ నమూనాకు వారసులే. బౌమన్‌ను 1956లో టాప్సే కొనేసింది. పైగా 311 నుంచి 407 దాకా ఉన్న చివరి విడత ఆలస్యంగా దుకాణాలకు చేరింది, అప్పటికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదకు మళ్లింది. మిగిలిపోయిన పెట్టెలు గోదాములో ఏళ్ల తరబడి పడి ఉంటే, 1960లో వాటిని పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని టాప్స్‌లో పనిచేసిన సై బర్గర్ తర్వాతి కాలంలో చెప్పాడు. ఇంతా చేసి, ఆ విడతలో మాంటిల్ కార్డు అరుదైనదేమీ కాదు. ముద్రణ షీటు మీద అది రెండుసార్లు ఉంది, పక్కనున్న చాలా కార్డులు ఒక్కసారే ఉన్నాయి. అంటే ఆ పేరులేని ఆటగాళ్ల కార్డుల కంటే మాంటిల్ కార్డులే ఎక్కువ అచ్చయ్యాయి.

కాబట్టి రూకీ కార్డు విలువ గురించి మాట్లాడేటప్పుడు 'ఇది రూకీయేనా?' అన్నది చివరి ప్రశ్న కాదు, మొదటిది మాత్రమే. ఆ ఆటగాడి కార్డుల్లో జనం 'ఇదే అసలు కార్డు' అని ఒప్పుకున్నది ఏది? అది ఈ స్థితిలో ఎన్ని మిగిలాయి? వాటిని కోరేవాళ్లు ఎందరు? ధర ఈ మూడింటి నుంచి వస్తుంది. రూకీ అనే ముద్ర వాటిలో మొదటిదానికి మాత్రమే సాయం చేస్తుంది.

రూకీ అని ఎవరు తేల్చారు?

స్థూలంగా అందరూ ఒప్పుకునే నిర్వచనం ఇది: పెద్ద కంపెనీ, దేశమంతటా ప్యాకుల్లో అమ్మిన ప్రధాన సెట్‌లో, ఆ ఆటగాడు మొదటిసారి కనిపించిన ఏడాది కార్డు. ఈ నిర్వచనాన్ని స్థిరపరచడంలో జేమ్స్ బెకెట్ అనే గణాంక శాస్త్ర అధ్యాపకుడి పాత్ర పెద్దది. ఆయన ధరల పుస్తకాలు, 1984లో మొదలైన ఆయన మాసపత్రిక ఒక తరం సేకర్తలకు పంచాంగంలా పనిచేశాయి. ఏది రూకీ, ఏది కాదు అని ఆ పత్రికలో ఉన్న గుర్తునే అంగట్లో అందరూ పాటించారు.

కానీ ఆ నిర్వచనంలో మొదటి నుంచీ చిల్లులున్నాయి. కాల్ రిప్కెన్ జూనియర్‌నే తీసుకోండి. 1982 టాప్స్ ప్రధాన సెట్‌లో 21వ నంబరు కార్డు ఆయన రూకీ. అయితే దాని మీద బాబ్ బానర్, జెఫ్ ష్నైడర్ అనే మరో ఇద్దరు కుర్రాళ్లు కూడా ఉన్నారు, రిప్కెన్ వాటా మూడో వంతు. అదే ఏడాది చివర టాప్స్ 'ట్రేడెడ్' అనే అదనపు సెట్ వేసింది. దాన్ని ప్యాకుల్లో కాకుండా డీలర్ల ద్వారా పెట్టెగానే అమ్మింది. అందులో 98టీ నంబరు కార్డు మీద రిప్కెన్ ఒక్కడే ఉంటాడు. ప్యాకుల్లో రాలేదు కాబట్టి బెకెట్ లెక్కలో అది పూర్తి రూకీ కాదు, దానికి వేరే గుర్తు పెట్టారు. కొనేవాళ్లు మాత్రం ఆ గుర్తును లెక్కచేయలేదు. ఒక్కడే కనిపించే, తక్కువ సంఖ్యలో ఉన్న 98టీకే ఎక్కువ డబ్బు పెట్టారు, ఇప్పటికీ పెడుతున్నారు. నిర్వచనానికీ గిరాకీకీ తగాదా వచ్చిన ప్రతిసారీ గెలిచింది గిరాకీయే.

ఇంకో రకం చిక్కు మార్క్ మెగ్వైర్‌ది. ఆయన ఓక్లండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడింది 1986 ఆగస్టులో. కానీ 1985 టాప్స్ సెట్‌లోనే 401వ నంబరుగా, అమెరికా ఒలింపిక్ జట్టు చొక్కాతో కనిపిస్తాడు. బజారు దాన్నే రూకీగా తీసుకుంది. ఇలా మేజర్ లీగ్‌లో, అంటే అత్యున్నత స్థాయి పోటీలో, అడుగే పెట్టని కుర్రాళ్లను సెట్లలో దూర్చడం తొంభైల్లో మరీ ఎక్కువైంది. చివరికి 2006లో ఆటగాళ్ల సంఘం గీత గీసింది: మేజర్ లీగ్ జట్టుకు ఎక్కిన తర్వాతే ప్రధాన సెట్‌లో చోటు, ఆ మొదటి ఏడాది కార్డుల మీద రూకీ లోగో తప్పనిసరి.

గీత గీయగానే గందరగోళం పోయిందా అంటే, పోలేదు. బౌమన్ సెట్లలో మైనర్ లీగ్ కుర్రాళ్ల కార్డులు 'ప్రాస్పెక్ట్' అనే విడి వరుసగా వస్తూనే ఉన్నాయి. ప్రధాన సెట్‌లో భాగం కావు కాబట్టి సాంకేతికంగా రూకీ కార్డులు కావు. అయితే ఆటగాడి మొదటి సంతకం ఉండేది వాటి మీదే. అందుకే ఈనాటి ప్రతి పెద్ద ఆటగాడికీ రెండు 'మొదటి' కార్డులు ఉంటాయి.

మైక్ ట్రౌట్ దీనికి చక్కని ఉదాహరణ. 2009 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) 25వ వాడిగా ఏంజెల్స్ జట్టు ఆయన్ను ఎంచుకుంది. ఆ ఏడాదే బౌమన్ క్రోమ్ డ్రాఫ్ట్‌లో సంతకంతో కార్డు వచ్చింది. మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ 2011 జులై 8న. రూకీ లోగోతో వచ్చింది 2011 టాప్స్ అప్‌డేట్ సెట్‌లోని యూఎస్175. లోగో ప్రకారం రూకీ రెండోదే. డబ్బు ప్రకారం మొదటిదే రాజు: దాని వరుసలో ఒకే ఒక్క ప్రతి ఉన్న 'సూపర్‌ఫ్రాక్టర్' 2020 ఆగస్టులో గోల్డిన్ వేలంలో 39.36 లక్షల డాలర్లకు పోయింది. ఆ కార్డు గ్రేడు, అంటే దాని స్థితికి 1 నుంచి 10 మధ్య ఇచ్చే అంకె, 10 కూడా కాదు, 9. ప్రపంచంలో ఒక్కటే ఉన్నప్పుడు దాని మూల కాస్త అరిగినా కొనేవాడికి ప్రత్యామ్నాయం లేదు.

ఇక్కడ కొత్తవాళ్లు తరచుగా బోల్తా పడే చోటు ఒకటుంది. రూకీ లోగో ఆ ఏడాది ఆ ఆటగాడికి వచ్చే దాదాపు అన్ని సెట్ల కార్డుల మీదా ఉంటుంది. షోహెయ్ ఓటానీకి 2018లో లోగో ఉన్న కార్డులు వందల రకాలు. 'ఓటానీ రూకీ దొరికింది' అంటే దాదాపు ఏమీ చెప్పనట్టే. టాప్స్ ప్రధాన సెట్ 700, టాప్స్ అప్‌డేట్ యూఎస్1, టాప్స్ క్రోమ్ 150 లాంటివి ఎప్పుడు అమ్మకానికి పెట్టినా కొనేవాడు దొరుకుతాడు. ఎవరికీ గుర్తులేని పక్క సెట్‌లోని కార్డు, సంఖ్య తక్కువే అయినా, నెలల తరబడి అలాగే ఉండిపోవచ్చు. తక్కువగా ఉండటం వేరు, కావాలనిపించడం వేరు.

ఒకే కార్డు, రంగులు మారిన కొద్దీ

ఒకే ఫొటో, ఒకే నంబరు ఉన్నా అంచు రంగును బట్టి అది వేరే కార్డు. వీటిని ప్యారలల్ అంటారు. ట్రౌట్ యూఎస్175నే చూస్తే, మామూలు తెల్ల అంచుది సంఖ్య ముద్రించనిది, గోల్డ్ 2011 ప్రతులు, బ్లాక్ 60 ప్రతులు. బౌమన్ క్రోమ్ సంతకం కార్డుల్లో ఇప్పుడు సాధారణంగా కనిపించే మెట్లు, ప్రతుల సంఖ్యతో: రిఫ్రాక్టర్ (కాంతికి మెరిసే రకం) 499, పర్పుల్ 250, బ్లూ 150, గ్రీన్ 99, గోల్డ్ 50, ఆరెంజ్ 25, రెడ్ 5, సూపర్‌ఫ్రాక్టర్ 1. కార్డు మీద '12/50' అని ముద్రించి ఉంటే యాభైలో పన్నెండోది అని. ఆ పన్నెండుకు ప్రత్యేక విలువ ఏమీ లేదు, ఆటగాడి జెర్సీ నంబరుతో కలిస్తే తప్ప.

ఈ అరుదుదనం కంపెనీ తయారు చేసినది. పాత కార్డులు అరుదైనవి ఎందుకంటే పిల్లలు వాటిని సైకిల్ చక్రాలకు కట్టారు, తల్లులు పాత సామాను కింద పారేశారు. కొత్తవి అరుదైనవి ఎందుకంటే కంపెనీ యాభై దగ్గర ముద్రణ ఆపింది. మొదటి రకం అరుదుదనం ఇక పెరగదు, తరగదు. రెండో రకానికి మాత్రం వచ్చే ఏడాది మరో మెరుపు, మరో రంగు పోటీకి వస్తాయి. దీనికి తాజా ఉదాహరణ తొలి మ్యాచ్‌లో ఆటగాడు వేసుకున్న జెర్సీ మీది ప్యాచ్‌ను కోసి కార్డులో అతికించడం. 2023లో మొదలైన ఆ పద్ధతిలో వచ్చిన పాల్ స్కీన్స్ సంతకం కార్డు, ఒకే ప్రతి, 2025 మార్చిలో 11.1 లక్షల డాలర్లు పలికింది. ప్యాక్‌లో దాన్ని తీసింది లాస్ ఏంజెలెస్‌కు చెందిన 11 ఏళ్ల అబ్బాయి. ఇలాంటి వార్త వచ్చిన వారం పెట్టెల అమ్మకాలు పెరుగుతాయి. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలూ ఈ ప్యాకుల కోసం మారాం చేస్తుంటారు కాబట్టి ఒక్క మాట: పెట్టెలో సగటున వచ్చే కార్డుల విలువ దాదాపు ఎప్పుడూ పెట్టె ధర కంటే తక్కువే. విప్పే సరదాకు డబ్బు పెట్టవచ్చు. ఫలానా ఆటగాడి కార్డే కావాలంటే మాత్రం విడి కార్డు కొనడమే చవక.

గ్రిఫీ కార్డు: కొండంత సరఫరా, అయినా ధర

ఎనభైల చివరి నుంచి తొంభైల తొలినాళ్ల దాకా వచ్చిన కార్డులను సేకర్తలు 'జంక్ వ్యాక్స్' అని పిలుస్తారు, మైనపు కాగితం ప్యాకుల్లో వచ్చిన చెత్త అని. పాత కార్డులు వేలల్లో పలుకుతున్నాయని విన్న జనం కొత్తవాటిని పెట్టెలకు పెట్టెలు కొని అటకెక్కించారు. కంపెనీలు అంతకంతకూ అచ్చేశాయి. ఎవరూ పారేయలేదు కాబట్టి ఏదీ అరుదు కాలేదు. ఈ రోజు కూడా 1990 నాటి చాలా సెట్లను కొన్నప్పటి ధరకు అమ్మడం కష్టం.

ఆ రాశిలోంచి నిలబడ్డ కార్డు కెన్ గ్రిఫీ జూనియర్‌ది, 1989 అప్పర్ డెక్ 1వ నంబరు. ఆయనకు ఆ ఏడాది రూకీలు తక్కువేం లేవు. డోనరస్ 33, ఫ్లీర్ 548, బౌమన్ 220, టాప్స్ ట్రేడెడ్ 41టీ. టాప్స్ ప్రధాన సెట్ ఆయన్ను వేయనేలేదు. అప్పర్ డెక్ 1988లో పుట్టిన కొత్త కంపెనీ. మందపాటి తెల్ల అట్ట, వెనక హోలోగ్రామ్, విప్పితే తెలిసిపోయే ఫాయిల్ ప్యాక్, మిగతావాటికి రెట్టింపు అనిపించే ధర. ఇంకా మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని కుర్రాడికి తన మొట్టమొదటి సెట్‌లో 1వ నంబరు ఇచ్చింది. ఆయన్ను తీసుకున్న మేరినర్స్ జట్టు దుస్తుల్లో ఫొటో లేదు. మైనర్ లీగ్ జట్టు శాన్ బెర్నార్డినో స్పిరిట్ టోపీతో తీసిన ఫొటోనే తీసుకుని, టోపీని మేరినర్స్ టోపీగా దిద్దారు. ఆ కుర్రాడు 630 హోమ్ రన్లు కొట్టి, 2016లో 440 ఓట్లకు 437 ఓట్లతో దిగ్గజాల గౌరవ పట్టిక అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. సెట్‌కు ముఖం, కంపెనీకి ముఖం, తరానికి ముఖం ఒకే కార్డులో కలిశాయి.

అయితే సరఫరా మాత్రం కొండంత. గ్రేడింగ్ కంపెనీల దగ్గరకు అతి ఎక్కువగా వెళ్లిన కార్డుల్లో ఇదొకటి, అత్యుత్తమ గ్రేడు 10 వచ్చినవే వేలల్లో ఉన్నాయి. గ్రేడు చేయని మంచి ప్రతిని సామాన్యుడు కూడా కొనుక్కోగలడు. అయినా 9కీ 10కీ మధ్య పెద్ద అగాధం ఉంది, దానికి కారణం అచ్చుయంత్రం. వంద కార్డుల షీటులో 1వ నంబరు మూలన కూర్చుంది. షీటును ఎత్తినా దించినా మొదట దెబ్బ తినేది ఆ మూలే. కార్డు చేతికొస్తే ముందుగా చూడాల్సింది మూలల మొనలు, తర్వాత అంచుల సమతౌల్యం.

1993 ఎస్‌పీ సెట్‌లోని డెరిక్ జీటర్ 279 దీనికి పూర్తిగా ఎదురు. అదీ అప్పర్ డెక్ తయారీయే, తొంభైల నాటిదే. కానీ ముందువైపంతా మెరిసే ఫాయిల్. ప్యాక్‌లోంచి తీసేటప్పుడే అంచుల్లో ఫాయిల్ పొట్టులా లేచిపోతుంది. అందుకే 8 గ్రేడువి కుప్పలు, 10 గ్రేడువి వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ కాకపోయినా వాటికి దగ్గరగా. 8కీ 10కీ మధ్య ధర వందల రెట్లకు చేరడం ఈ ఒక్క భౌతిక లక్షణం వల్ల.

గ్రేడింగ్: ఎక్కడ పోతుందో ముందే చూసుకోవడం

గ్రేడింగ్ అంటే కార్డును ఒక సంస్థకు పంపితే అసలుదో కాదో చూసి, 1 నుంచి 10 మధ్య అంకె ఇచ్చి, తెరవలేని ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇవ్వడం. ఆ పెట్టెను స్లాబ్ అంటారు. పీఎస్‌ఏ అనే సంస్థ 1991లో మొదలైంది, అమ్మకపు ధరలో ఇప్పటికీ అదే ముందు. బెకెట్ పేరుతో ఉన్న సంస్థ సెంటరింగ్, మూలలు, అంచులు, ఉపరితలం అనే నాలుగు అంశాలకు విడివిడిగా అంకెలిస్తుంది. ఎస్‌జీసీకి పాత కార్డుల సేకర్తల్లో మంచి పేరు, 1.26 కోట్ల మాంటిల్ దాని స్లాబులోనే ఉంది.

పంపే ముందు ఇంట్లో చేయాల్సిన పరీక్ష పది నిమిషాల పని. పొడి చేతులు, నల్లటి మెత్తని గుడ్డ, పది రెట్లు పెంచి చూపే భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, పక్క నుంచి పడే దీపం ఉంటే చాలు.

మొదట సెంటరింగ్. బొమ్మ చుట్టూ ఉన్న ఎడమ, కుడి అంచుల వెడల్పు కొలవండి. ఎడమ 2 మిల్లీమీటర్లు, కుడి 2.5 మిల్లీమీటర్లు అయితే మొత్తం 4.5లో కుడివైపు వాటా 55.6 శాతం. పీఎస్‌ఏ 10కి ముందువైపు పరిమితి సుమారు 55/45, వెనక 75/25. అంటే అర మిల్లీమీటరు తేడాతోనే ఈ కార్డు గీత దాటింది. 9కి 60/40 దాకా సర్దుకుంటారు. పైనా కిందా కూడా ఇలాగే కొలవాలి, చాలామంది ఇది మరచిపోతారు. తర్వాత మూలలు: నల్ల గుడ్డ మీద పెట్టి భూతద్దంతో చూస్తే తెల్లటి పీచు ఒక్క చుక్క కనిపించినా 10 అనుమానమే. వెనకవైపు మూలలు ముందువాటికంటే ఎక్కువగా మోసం చేస్తాయి. అంచులు: ముదురు రంగు బోర్డర్ ఉన్న సెట్లలో, 1971 టాప్స్ నల్ల బోర్డర్ దీనికి పేరుమోసింది, చిన్న పెచ్చు కూడా దూరం నుంచే కనిపిస్తుంది. చివరగా ఉపరితలం. కార్డును దీపం కింద ఏటవాలుగా అటూ ఇటూ తిప్పాలి. నేరుగా చూస్తే కనపడని గీతలు, నొక్కులు, క్రోమ్ కార్డుల మీద రోలర్ వదిలిన నిలువు చారలు అప్పుడే బయటపడతాయి. పాత ప్యాకుల్లో బబుల్ గమ్ మరక, మైనం మరక ఉంటాయి, ఇవి ఎక్కువగా వెనకవైపు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. కార్డు 40 డాలర్లకు కొన్నారు, గ్రేడింగ్ ఫీజు, రానుపోను పంపకం కలిపి 35 అయ్యాయి, మొత్తం 75. అది 10 వస్తే 200కు, 9 వస్తే 60కి, 8 వస్తే 30కి అమ్ముడవుతుంది. ఆన్‌లైన్ అంగడి సుమారు 13 శాతం కోసుకుంటే మీ చేతికొచ్చేది వరుసగా 174, 52, 26. మీ కార్డుల్లో నాలుగింట ఒకటి 10, సగం 9, మిగతా పావు 8 వస్తాయనుకుంటే సగటున కార్డుకు 76 డాలర్లు వస్తాయి. ఒక్క డాలరు లాభం, దాని కోసం నెలల నిరీక్షణ. 10 వచ్చే అవకాశం 40 శాతానికి, 9 వచ్చేది 45కు చేరితే సగటు 97 దాకా వెళ్తుంది. లాభమంతా పంపేముందు వడకట్టడంలోనే ఉంది. 9 వచ్చిన కార్డు చాలాసార్లు నష్టమే అన్నది ఆధునిక కార్డుల్లో అందరూ ఆలస్యంగా తెలుసుకునే సంగతి. 1960కి ముందు కార్డుల్లో లెక్క వేరు, అక్కడ 3 గ్రేడు మాంటిల్‌కైనా గ్రేడింగ్ ఖర్చు దండగ కాదు, ఎందుకంటే కొనేవాడికి ముందుగా కావలసింది అది అసలుదన్న హామీ.

ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో సంస్థలు పట్టిక వెలువరిస్తాయి, దాన్ని పాప్ రిపోర్ట్ అంటారు. చూసి తీరాల్సిందే, కానీ గుడ్డిగా నమ్మకూడదు. ఎక్కువ గ్రేడు ఆశించి స్లాబు పగలగొట్టి మళ్లీ పంపిన కార్డు రెండుసార్లు లెక్కలోకి రావచ్చు. సంఖ్య తక్కువ ఉందంటే కార్డు అరుదని కాకుండా, దాన్ని గ్రేడ్ చేయించడం ఎవరికీ గిట్టుబాటు కాలేదని కూడా కావచ్చు. కొత్త కార్డుల విషయంలో ఆ సంఖ్య పెరగడమే తప్ప తగ్గదు. విడుదలైన మొదటి నెలల్లో '10 గ్రేడువి పన్నెండే' అని చెప్పి అమ్మేవాడి దగ్గర కొంటే, ఏడాది తిరిగేసరికి అవి పన్నెండు వందలు కావచ్చు.

ధర చదవడం

అడిగే ధర ధర కాదు. ఈబేలో అమ్ముడైన వాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి, అదే కార్డు, అదే ప్యారలల్, అదే గ్రేడింగ్ కంపెనీ, అదే అంకె ఉన్న చివరి అయిదు నుంచి పది అమ్మకాలు తీసుకోండి. అన్నిటికంటే పెద్దదీ చిన్నదీ పక్కన పెట్టి మధ్యలో ఉన్నవాటిని చూడండి. బేరమాడి కొన్నవాటికి కొట్టివేసిన పాత ధరే కనిపిస్తుంది, అసలు చెల్లించింది దానికంటే తక్కువ. ఒక్క అమ్మకం మిగతావాటికి రెట్టింపు ఉంటే డబ్బు నిజంగా చేతులు మారిందా అని అనుమానించాలి. అమ్మేవాళ్లే మారుపేర్లతో పాట పెంచడం ఈ రంగంలో కొత్త కాదు.

కాలానికీ ఒక లయ ఉంది. కుర్రాడిని మేజర్ లీగ్‌కు పిలిచారన్న వార్త రాగానే ధర ఎగురుతుంది, చాలామందికి జీవితకాలపు గరిష్ఠం అదే. అక్టోబర్ తర్వాత మెత్తబడుతుంది. రిటైరైన వాళ్లకు జనవరిలో హాల్ ఆఫ్ ఫేమ్ ఓట్ల ఫలితం ముందు వారాల్లో కదలిక వస్తుంది, ఫలితం వచ్చాక చల్లారుతుంది. ఎన్నికవుతాడని అందరికీ తెలిసిన ఆటగాడి ధరలో ఆ వార్త ముందే కలిసిపోయి ఉంటుంది.

కుర్రాళ్ల మీద పందెం ఎలా పోతుందో చూడాలంటే బ్రీన్ టేలర్ పేరు చాలు. 1991 డ్రాఫ్ట్‌లో యాంకీస్ జట్టు మొట్టమొదట ఎంచుకున్న పిచర్, అంటే బంతి విసిరే ఆటగాడు. 1992 టాప్స్‌లో ఆయన 6వ నంబరు కార్డు కోసం జనం ఎగబడ్డారు. 1993 డిసెంబర్‌లో ఒక కొట్లాటలో భుజం దెబ్బతింది, మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పిచర్ల కార్డులకు బ్యాటర్లతో పోలిస్తే సాధారణంగా తక్కువ పలకడానికి ఈ భయమూ ఒక కారణం. మోచేయి, భుజం ఎప్పుడు జవాబిస్తాయో చెప్పలేం. గాయాలు దిగ్గజాలనూ వదలవు. మూడుసార్లు ఎంవీపీ (ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు) అయిన ట్రౌట్ కార్డులు కూడా 2021 నుంచి వరస గాయాలతో 2020 నాటి వేడిని నిలుపుకోలేకపోయాయి.

కోసినవి, దిద్దినవి, నకిలీలు

పీఎస్‌ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు హోనస్ వాగ్నర్ టీ206 (వందేళ్ల కిందటి సిగరెట్ ప్యాకుల కార్డుల సెట్‌లోది), 8 గ్రేడు. ఒకప్పుడు హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ సహ యజమానిగా ఉన్న ప్రతి అది. ఆ కార్డు అంచులు తానే కోశానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. స్లాబులో ఉన్నంత మాత్రాన అనుమానం అక్కర్లేదని అనుకునేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి. అరిగిన మూలలను కోసేస్తే మొన తేలుతుంది, గ్రేడు పెరుగుతుంది, కొలత మాత్రం తగ్గుతుంది. 1957 నుంచి టాప్స్ కార్డు ప్రామాణిక సైజు రెండున్నర, మూడున్నర అంగుళాలు. అదే సెట్‌లోని చవక కార్డు ఒకటి తెచ్చుకుని దాని మీద పెట్టి నాలుగు వైపులా చూడండి. ఒక వైపు వెంట్రుకవాసి తక్కువైనా, ఒక అంచు మాత్రం మిగతా మూడింటికంటే కొత్తగా, తెల్లగా, నునుపుగా కనిపించినా ఆగిపోవాలి. నల్ల బోర్డర్ల మీద మార్కర్‌తో దిద్దిన చోట్లు భూతద్దం కింద ఊదాగానో, తడిసినట్టుగానో మెరుస్తాయి.

పూర్తి నకిలీలను పట్టడానికి అక్షరాలు చూడాలి. అసలు కార్డుల ఫొటోలు సన్నని రంగు చుక్కల కూర్పుతో ఏర్పడతాయి, పేరు, సన్నని గీతలు లాంటి నల్ల ముద్రణ మాత్రం చుక్కలు లేకుండా గట్టిగా, తెగినట్టు ఉంటుంది. అసలు కార్డును స్కాన్ చేసి అచ్చేసినప్పుడు అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. 1963 టాప్స్ పీట్ రోజ్ 537 నకిలీలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. గ్రిఫీకి కూడా ఉన్నాయి, వాటిలో వెనకవైపు హోలోగ్రామ్ మసకగానో, చదునైన వెండి రేకులానో ఉంటుంది. కంపెనీలే వేసిన పునర్ముద్రణలు వేరే సంగతి. వాటి వెనక చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంటుంది, వెనకవైపు ఫొటో పెట్టకుండా అమ్మేవాడి దగ్గర కొనకపోవడానికి అదొక్కటే చాలిన కారణం.

స్లాబులకూ నకిలీలొచ్చాయి. దొంగలు తెలివిమీరి, నిజమైన స్లాబు మీదున్న ధ్రువీకరణ నంబరునే నకిలీ చీటీ మీద అచ్చేస్తారు. సైటులో నంబరు కొట్టి చూస్తే అదే ఆటగాడు, అదే గ్రేడు వస్తుంది, కొనేవాడు నిశ్చింతగా ఉంటాడు. నంబరు సరిపోయిందని అక్కడితో ఆగకూడదు. గ్రేడింగ్ కంపెనీ దగ్గర ఆ కార్డు ఫొటో ఉంటే తెరిచి, మీ ముందున్నదానితో పోల్చండి. సెంటరింగ్ ఏ వైపుకు ఒరిగింది, అచ్చు చుక్క ఎక్కడ పడింది, సంతకం ఉంటే చివరి అక్షరం తోక ఎటు తిరిగింది, ఇవి రెండు కార్డుల్లో ఒకేలా ఉండవు. ఫొటో లేకపోతే అదే నంబరుతో గతంలో జరిగిన వేలం పాటల చిత్రాలు వెతకాలి. ఖరీదైన కార్డులకు చాలావరకు దొరుకుతాయి.